చెక్కపని క్లాసు పిల్లలకు ఆన్‌లైన్ సేఫ్టీ టెస్ట్ పెట్టడం ఎలా?

జూన్‌లో బడులు తెరిచారంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చెక్కపని నేర్పే మాస్టార్లు, టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు చేత్తో వస్తువులు చేసి నేర్చుకునే గది) బాధ్యత నెత్తిన పడిన సైన్స్ టీచర్లు, అందరూ అడిగేది ఒకటే. "పిల్లల్ని మెషిన్ ముట్టుకోనిచ్చే ముందు ఆన్‌లైన్‌లో సేఫ్టీ టెస్ట్ పెడదామనుకుంటున్నాం, మీ పేపర్ ఉంటే కాస్త పంపించండి సార్." పంపడం నిమిషం పని. అయినా పంపను. మా షెడ్డులో మెయిన్ స్విచ్ తలుపు వెనక గోడ మీద ఉంది, మీ షెడ్డులో ఎక్కడుందో నాకు తెలియదు. మా పేపర్‌లో మొదటి ప్రశ్నే అది. అందుకని పేపర్ కాకుండా, దాన్ని తయారుచేసుకునే పద్ధతి రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. మన దగ్గర 35 వస్తే పాస్. ఈ లెక్క పిల్లలకే కాదు, మనకీ ఒంటబట్టింది. సేఫ్టీ టెస్టులో అది పనికిరాదు. 20కి 19 వచ్చిన పిల్లాడికి తెలియని ఆ ఒక్కటి "బ్లేడు పూర్తిగా ఆగకముందే ముక్క తీయకూడదు" అన్నదైతే? అమెరికాలో చెక్కపని నేర్పే చాలా బడుల్లో ఒక్కో మెషిన్‌కి ఒక్కో టెస్ట్ పెట్టి, నూటికి నూరు వస్తేనే ఆ మెషిన్ దగ్గరికి రానిస్తారు. మనమూ అదే పాటించాలి. తప్పిన వాళ్లు మళ్లీ రాస్తారు, దాంట్లో నామోషీ ఏం లేదు.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు చేతిపనులు నేర్పమంటూ వడ్రంగాన్ని పేరు పెట్టి చెప్పింది. పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా బడికి రమ్మంది. అంటే ఇక మీదట ఉలి పట్టేది ఐటీఐ కుర్రాళ్లు మాత్రమే కాదు, పదకొండేళ్ల పిల్లలు కూడా.

కావలసినవి

ఒక గూగుల్ అకౌంట్. గూగుల్ ఫామ్స్ ఉచితమే, దానికి మించింది అక్కర్లేదు. మీ షెడ్డులో, మీ మెషిన్ల దగ్గర, మీ ఫోన్‌తో తీసిన ఒక పాతిక ఫోటోలు. కంప్యూటర్ ల్యాబ్‌లో రెండు పీరియడ్లు. ఒక పొడుగు రిజిస్టరు. కళ్లద్దాలు, అంటే చూపు కోసం పెట్టుకునేవి కాదు, పక్కలు కూడా మూసుకునే సేఫ్టీవి. అవి ఆటోనగర్‌లో దొరుకుతాయి. కొనేటప్పుడు ఐఎస్ 5983 (కళ్ల రక్షణ సామగ్రికి మన దేశ ప్రమాణం) అని ఉందేమో చూడండి.

టెస్ట్ ఇంటి దగ్గర ఫోన్‌లో రాయించవచ్చా అని అడుగుతారు. ప్రాక్టీసు టెస్ట్ రాయించండి. అసలు టెస్ట్ మాత్రం వద్దు. నేను మొదటి ఏడాది లింకు వాట్సాప్ గ్రూపులో పెట్టి ఇంటి దగ్గర రాయమన్నాను. రాత్రి ఎనిమిదికి పెడితే తొమ్మిదింటికల్లా అందరికీ 20కి 20. నా బోధన అంత గొప్పదా అని ఓ పూట సంతోషించాను కూడా. మర్నాడు తెలిసింది, మొదట రాసినవాడు జవాబులు స్క్రీన్‌షాట్ తీసి అదే గ్రూపులో పెట్టాడు. నేనూ ఉన్న గ్రూపులోనే!

1. మెషిన్ల జాబితా రాయండి

షెడ్డులోకి వెళ్లి, పిల్లలు నిజంగా వాడబోయేవి ఒక కాగితం మీద రాయండి. నెట్‌లో దొరికే పేపర్లలో టేబుల్ సా, జాయింటర్ లాంటి పెద్ద మెషిన్లు ఉంటాయి. మన బడుల్లో చాలా చోట్ల ఉండేవి రంపం, ఉలి, చిత్రిక, బెంచ్ వైస్, చేతి డ్రిల్లు, మహా అయితే స్టాండు డ్రిల్లింగ్ మెషిన్, జిగ్ సా (సన్న బ్లేడుతో వంపులు కోసే మోటారు రంపం). లేనిదాని మీద ప్రశ్న అడిగితే పిల్లాడు బట్టీ పడతాడు, ఉన్నదాని మీద అడగకపోతే చెయ్యి కోసుకుంటాడు.

జాబితాలో 4 అంగుళాల కటింగ్ మెషిన్‌గానీ గ్రైండర్‌గానీ ఉంటే అక్కడ ఆగండి. బయట వడ్రంగులు రాళ్లు కోసే మెషిన్‌కి, గ్రైండర్‌కి చెక్క కోసే పళ్ల బ్లేడు బిగించి, గార్డు (బ్లేడు మీద రక్షణగా ఉండే మూత) ఊడదీసి వాడటం మనం రోజూ చూస్తున్నదే. అది నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరుగుతుంది. పన్ను చెక్కలో ఇరుక్కుంటే మెషినే చేతిలోంచి ఎగురుతుంది. పిల్లల చేతికి అది ఏ టెస్ట్ పాసైనా ఇవ్వకూడదు. జాబితాలోంచి కొట్టేసి, బీరువాలో పెట్టి తాళం వేయండి.

2. ఒక్కో మెషిన్‌కి ఒక్కో ఫామ్

అన్నీ కలిపి యాభై ప్రశ్నల పేపర్ పెట్టకండి. ముందు అందరికీ ఒక సాధారణ టెస్ట్, 15 ప్రశ్నలు: బట్టలు, జడ, కళ్లద్దాలు, కరెంటు, మెయిన్ స్విచ్, పొట్టు, దెబ్బ తగిలితే ఏం చేయాలి. తర్వాత మెషిన్‌కి 8 నుంచి 10 ప్రశ్నల చొప్పున విడివిడిగా. పిల్లాడు డ్రిల్లింగ్ పాసైతే డ్రిల్లింగ్ మాత్రమే చేస్తాడు. జిగ్ సా వైపు చూస్తే, ఆ టెస్ట్ ఎప్పుడు రాస్తావు నాన్నా అని అడగండి.

3. ప్రశ్నలు రాయండి

ఎక్కువ టైం పెట్టాల్సింది ఇక్కడే. సులువుగా రాయగలిగే ప్రశ్న ఇలా ఉంటుంది: "మెషిన్ దగ్గర కళ్లద్దాలు పెట్టుకోవాలా? అవును, కాదు." దీనికి షెడ్డు మొహం చూడని వాళ్లు కూడా జవాబు చెప్తారు. అది టెస్ట్ కాదు, కాలక్షేపం. తప్పు జవాబులు పిల్లలు నిజంగా చేసే పనుల్లోంచి రావాలి. నా పేపర్లో ఒకటి చూడండి.

*డ్రిల్లింగ్ మెషిన్ మీద బెజ్జం వేస్తుంటే కరెంటు పోయింది. మొట్టమొదట ఏం చేస్తావు?*
అ) కరెంటు వచ్చేదాకా చెక్క కదలకుండా పట్టుకుంటాను
ఆ) మాస్టారిని పిలవడానికి వెళ్తాను
ఇ) మెషిన్ స్విచ్ ఆఫ్ చేస్తాను
ఈ) బిట్‌కి చుట్టుకున్న పొట్టు తీసేస్తాను

చాలామంది 'ఆ' పెడతారు. మాస్టారిని పిలవడం మంచి పిల్లల లక్షణం కదా! కానీ స్విచ్ ఆన్‌లోనే ఉంది. వాడు అటు వెళ్లగానే ఇంకొకడు వచ్చి పొట్టు తీస్తుంటాడు, అప్పుడు కరెంటు వస్తుంది. కరెంటు పోయి వచ్చాక తనంతట తాను తిరగకుండా ఆపే స్విచ్ కొన్ని మెషిన్లకే ఉంటుంది, మామూలు స్విచ్ ఉన్నవాటికి ఉండదు. ఎండాకాలం కరెంటు సంగతి మనకి తెలియనిదేముంది.

గ్లోవ్స్ మీద కూడా తప్పకుండా ఒకటి పెట్టండి. గ్లోవ్స్ అంటే రక్షణ అని పిల్లల మనసులో గట్టిగా ఉంటుంది. తిరిగే బిట్ (బెజ్జం వేసే ములుకు) దగ్గర గ్లోవ్ దారం చిక్కుకుంటే వేలితో సహా లాగేస్తుంది. డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర గ్లోవ్స్ వద్దు. గరుకు చెక్క మోసేటప్పుడు వేసుకోవచ్చు. ఈ తేడా తెలిసిందో లేదో ప్రశ్నలో తేలాలి.

ఫోటో ప్రశ్నలు ఇంకా మేలు. చక్‌లో (బిట్‌ని పట్టి ఉంచే భాగంలో) దాన్ని బిగించే కీ వదిలేసి ఒక ఫోటో తీయండి (ప్లగ్ పీకేసి తీయండి, నవ్వులాట కాదు). "ఈ ఫోటోలో స్విచ్ వేసే ముందు సరిచేయాల్సింది ఏది?" అని అడగండి. అలాగే చెక్కని క్లాంప్‌తో బిగించకుండా చేత్తో పట్టుకున్న ఫోటో, ఉలి ముందు ఎడమ చెయ్యి పెట్టిన ఫోటో, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టేసుకున్న ఫోటో. చివరిది మా దగ్గర రోజూ కనిపించే తప్పు. మన ఉక్కపోతకి అద్దాలకి ఆవిరి పట్టి మసకబారుతుంది, పైకి నెట్టేస్తారు. మందలిస్తే సరిపోదు. తుడుచుకునే గుడ్డ ఒకటి మెషిన్ పక్కనే వేలాడదీయండి.

ఉలి గురించి ఒక ప్రశ్న: మొండి ఉలి ప్రమాదమా, పదునైన ఉలి ప్రమాదమా? పిల్లలు పదునైనదే అంటారు. మొండిదానికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టినప్పుడే జారుతుంది. ఈ ప్రశ్న తప్పినవాడు దాన్ని జన్మలో మర్చిపోడు.

భాష సంగతి. ప్రశ్న తెలుగులోనే రాయండి, మెషిన్ల పేర్లు పిల్లలు పిలిచేలా ఉంచండి. "చక్ కీ"ని తెలుగు చేయబోయి నేనోసారి భంగపడ్డాను, నేను రాసింది నాకే అర్థం కాలేదు.

4. ఫామ్‌లో పెట్టే సెట్టింగులు

సెట్టింగ్స్‌లో "మేక్ దిస్ ఎ క్విజ్" ఆన్ చేయండి. ప్రతి ప్రశ్నకీ ఆన్సర్ కీలో సరైన జవాబు పెట్టి, 1 మార్కు ఇచ్చి, "రిక్వైర్డ్" ఆన్ చేయండి. అక్కడే ఫీడ్‌బ్యాక్ అని ఉంటుంది. తప్పు జవాబు పెట్టినవాళ్లకి కనిపించేలా రెండు వాక్యాలు రాయండి, కానీ జవాబు చెప్పేయకుండా. "స్విచ్ ఏ స్థితిలో ఉందో ఆలోచించు" అంటే చాలు.

క్విజ్ సెట్టింగుల్లోనే "కరెక్ట్ ఆన్సర్స్" అని ఒకటుంటుంది, దాన్ని ఆఫ్ చేయండి. లేదంటే మొదటి వరసవాడు సబ్మిట్ కొట్టిన క్షణాన జవాబులన్నీ స్క్రీన్ మీద ఉంటాయి, రెండో వరస పని అయిపోతుంది. "మిస్డ్ క్వశ్చన్స్" ఆన్‌లో ఉంచండి, ఏవి తప్పాయో తెలియాలి.

ప్రశ్నల వరస, ఆప్షన్ల వరస రెండూ షఫుల్ చేయండి, అంటే ఒక్కొక్కరికీ ఒక్కో వరసలో వచ్చేలా. ఆప్షన్లు షఫుల్ చేశాక "పైవన్నీ" అనే జవాబు మొదటికొచ్చి కూర్చుంటుంది, చూసుకోండి. అసలు "పైవన్నీ" వాడకపోవడమే మంచిది.

"లిమిట్ టు 1 రెస్పాన్స్" ఆన్ చేయకండి. ఆన్ చేస్తే గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అడుగుతుంది, తప్పినవాళ్లు మళ్లీ రాయడానికీ వీలుండదు. దాని బదులు పీరియడ్ అవగానే "యాక్సెప్టింగ్ రెస్పాన్సెస్" ఆఫ్ చేయండి.

పేరు, తరగతి, రోల్ నంబరు, అంతే అడగండి. ఫోన్ నంబర్లు, ఆధార్‌లు అడిగేవాళ్లని చూశాను, చెక్కకి బెజ్జం వేయడానికి ఆధార్ ఎందుకు? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. అడ్మిషన్ల రిజిస్టరులో ఉన్నవి మళ్లీ పోగేయక్కర్లేదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ప్రతి ప్రశ్ననీ విడి సెక్షన్‌లో పెట్టి, తప్పు జవాబు నొక్కితే వివరణ ఉన్న సెక్షన్‌కి వెళ్లి, అక్కణ్ణుంచి మళ్లీ ఆ ప్రశ్నకే వచ్చేలా పెట్టవచ్చు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆఖరికి అందరికీ నూటికి నూరే వస్తుంది. ఇంటి ప్రాక్టీసుకి వాడండి, అసలు టెస్టుకి వద్దు.

5. టెస్ట్ పెట్టండి

ముందు మీరు ఫోన్‌లో ఒకసారి, ల్యాబ్ కంప్యూటర్‌లో ఒకసారి రాసి చూడండి. తెలుగు అక్షరాలు డబ్బాల్లా కనబడే పాత సిస్టమ్‌లు ఇంకా ఉన్నాయి. మొదలుపెట్టిన టైం బోర్డు మీద రాయండి, ఎందుకంటే జవాబులు చేరే గూగుల్ షీట్‌లో సబ్మిట్ చేసిన టైమే వస్తుంది, మొదలుపెట్టినది రాదు. పదిహేను ప్రశ్నలు రెండు నిమిషాల్లో ముగించినవాడు చదవలేదన్నమాటే.

సరిగ్గా చదవలేని పిల్లలుంటే ప్రశ్న మీరే చదివి వినిపించండి. ఇది తెలుగు పరీక్ష కాదు. కంప్యూటర్లు చాలకపోయినా, నెట్ మొరాయించినా, అవే ప్రశ్నలు కాగితం మీద పెట్టండి, కొంపలేమీ మునిగిపోవు.

తప్పినవాళ్లు అదే రోజు మళ్లీ రాయకూడదు. వెంటనే రాయనిస్తే ఆప్షన్లు ఒక్కొక్కటీ నొక్కుకుంటూ పోతారు. మర్నాడు రమ్మనండి. మధ్యలో ఆ తప్పిన విషయం మెషిన్ దగ్గర నిలబెట్టి చూపించండి.

6. ఇప్పుడు మెషిన్ దగ్గర చేతి టెస్ట్

స్క్రీన్ మీద నూరు వచ్చినంత మాత్రాన అనుమతి లేదు. చేతి టెస్ట్ రాయడానికి అర్హత వచ్చిందంతే. ఇది వదిలేస్తే పైన చేసిందంతా దండగ.

పిల్లాడికి అయిదు నిమిషాలు చాలు. నలభై మంది ఉంటే వారం పడుతుంది, పట్టనివ్వండి. డ్రిల్లింగ్ మెషిన్‌కి నేను చూసే వరస ఇది, ప్లగ్ పీకేసే మొదలుపెడతాను. వాచీ, గాజులు, మెళ్లో ట్యాగ్ తీశారా? చున్నీ విప్పి పక్కన పెట్టారా, జడ ముడేసి వెనక్కి కట్టారా? కళ్లద్దాలు కళ్ల మీదే ఉన్నాయా? చెక్క క్లాంప్‌తో బిగించాక లాగి చూశారా? కీ తీసి దాని చోట పెట్టారా? ఆ తర్వాత కళ్లు మూసుకుని స్విచ్ మీద చెయ్యి పెట్టమంటాను. తడుముకుంటే కుదరదు. ఇవన్నీ అయ్యాకే ప్లగ్ పెట్టి, పొణికి ముక్కో వేప ముక్కో ఇచ్చి ఒక్క బెజ్జం వేయిస్తాను. స్విచ్ ఆపాక బిట్ పూర్తిగా ఆగేదాకా చేతులు ఎక్కడున్నాయో గమనిస్తాను, పొట్టు బ్రష్‌తో తీశారా, నోటితో ఊదారా అన్నది చూస్తాను. ఊదితే ఆ రోజుకి ఇంటికే. కంట్లో పడుతుంది, ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. చెక్క ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఏనాడో తేల్చింది.

ట్యాగ్ దగ్గర నా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. పాసైన పిల్లలకి అనుమతి కార్డులు అచ్చేయించి, ముచ్చటగా మెళ్లో వేలాడదీశాను. మొదటి రోజే ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది, "సార్, మెళ్లో ఏదీ ఉండకూడదని మీరేగా టెస్టులో పెట్టారు?" ఆ సాయంత్రమే కార్డులన్నీ తీసేసి గోడ మీద చార్టు అంటించాం. పేర్లు నిలువుగా, మెషిన్లు అడ్డంగా, పాసైతే సంతకం, తేదీ.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

సరైన జవాబు మిగతావాటికంటే పొడుగ్గా ఉండటం. మనకి తెలియకుండానే జరుగుతుంది, పిల్లలు ఇట్టే పట్టేస్తారు. కింది వాటిలో "చేయకూడనిది కానిది ఏది" లాంటి మెలికలు. అది సేఫ్టీ టెస్ట్ కాదు, సర్వీస్ కమిషన్ పేపర్.

దెబ్బ తగిలితే ఏం చేయాలన్నది పూర్తిగా వదిలేయడం ఇంకో పొరపాటు. కనీసం రెండు ప్రశ్నలుండాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టాలి, పసుపో కాఫీపొడో పోయకూడదు. పెద్ద దెబ్బైతే 108. కంట్లో ముక్క గుచ్చుకుంటే నలపకూడదు, లాగకూడదు. వేలు తెగితే ఆ ముక్కని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్‌ని ఐసు నీళ్లలో ఉంచి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నేరుగా ఐసు మీద పెట్టకూడదు. ఈ చివరిది చిన్న పిల్లల పేపర్లో పెట్టను, తొమ్మిదో తరగతి, ఆ పైవాళ్లకి పెడతాను. మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి.

మరొకటి, పిల్లలు అడిగే ఎదురుప్రశ్నకి సిద్ధంగా లేకపోవడం. కొండపల్లి తీసుకెళ్లి బొమ్మల పని చూపించి వచ్చాక మా వాళ్లు అడిగారు, "అక్కడ తాతగారు కళ్లద్దాలు పెట్టుకోలేదుగా సార్?" మంచి ప్రశ్నే. ఆయన తెల్ల పొణికి చెక్కని, అదీ మెత్తటి చెక్క, చేతి పనిముట్టుతో ఏళ్ల తరబడి చెక్కుతున్నారు. నువ్వు మొన్న జూన్‌లో వచ్చావు, నీ ముందున్నది మోటారు. ఈ రెండు మాటలూ చెప్పాక కూడా మొహం చిన్నబుచ్చుకున్నారు. పర్లేదు.

టెస్ట్ పనిచేసిందో లేదో చూసుకోవడం

ఫామ్‌లో రెస్పాన్సెస్, సమ్మరీ తెరవండి. ఎక్కువమంది తప్పిన ప్రశ్నలు విడిగా కనిపిస్తాయి. సగం మందికి పైగా తప్పితే పిల్లల్ని అనకండి, ఒకటి ప్రశ్న అర్థం కాలేదు, లేదా మీరు ఆ పాఠం చెప్పలేదు. ఒక్కరూ తప్పని ప్రశ్న ఉంటే తీసేసి, దాని చోట ఫోటో ప్రశ్న పెట్టండి.

అసలు తేలేది మూడో వారంలో. షెడ్డు గుమ్మం దగ్గర పది నిమిషాలు నిలబడండి, లోపలికి వెళ్లకండి. కళ్లద్దాలు ఎన్ని కళ్ల మీద ఉన్నాయి, ఎన్ని నుదుటి మీద ఉన్నాయి అని లెక్కపెట్టి రిజిస్టరులో రాయండి. నుదుటి మీదున్నవి రెండు దాటితే ఆ రోజు మెషిన్లు ఆపేసి, ఆ బ్యాచ్‌కి సాధారణ టెస్ట్ మళ్లీ పెట్టండి.

దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు అయ్యాక మొదటి క్లాసులో అయిదు ప్రశ్నల చిన్న ఫామ్ ఒకటి పెట్టండి. ఆ పూట మెషిన్ల ప్లగ్గులు పీకే ఉంచండి, పిల్లల చేత ఉలులు సాన పట్టించండి. చార్టు మీద కొత్త తేదీ పడ్డాకే స్విచ్ వేయనివ్వండి.